పాత లారి కొనువారికి: ఇంజను వేడిమిని పరీక్షించు విధము



సంస్కృతాంధ్రములు చెప్పుకొని బ్రతికిన బడిపంతులు లారి ఇంజనును గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందరకు తోపవచ్చును. నా శిష్యులలో కచేరీ ఉద్యోగములు చేయువారికంటె బండ్లు నడుపువారును, బండ్లు బాగుచేయువారును తక్కువవారు కారు. వారిలో నొకడు విజయవాడ ఆటోనగరున ఇంజను మేస్త్రీగా నున్నాడు. ఉద్యోగవిరమణ మైన పిదప నేను సాయంకాలములందు వాని షెడ్డులో ఒక బల్లమీద కూర్చుండి, వాడు విప్పిన ఇంజనులను చూచుచు, అడిగినదే మరల మరల అడుగుచు, ఈ విషయమును కొంతవరకు గ్రహించితిని. ఒకప్పుడు వాడు నాయెదుట శబ్దమంజరి వల్లించెను; ఇప్పుడు నేను వానియెదుట రేడియేటరు, గాస్కెట్టు, వాటరు పంపు అని వల్లించుచున్నాను. విద్యకు వయోనియమము లేదు గదా.

ఈ విషయమునే యేల యెన్నుకొంటి ననగా, దీనియందు బీదసాదల బ్రతుకు ముడిపడి యున్నది. క్రొత్త లారి కొనుట సామాన్యునకు శక్యము కాదు. డ్రైవరుగా పది పండ్రెండేండ్లు పరుల బండి నడిపినవాడు, తనకంటూ ఒక బండి ఉండవలెనను కోరికతో, రెండెకరముల పొలము తాకట్టుపెట్టియో, ఇల్లాలి మెడలోని బంగారము కుదువబెట్టియో, పాత బండి కొనును. కొనునపుడు వాడు టైర్ల అరుగుదల చూచును, తొట్టి చెక్కలు తట్టి చూచును, ఆర్. సి. పుస్తకము, ఫిట్నెసు కాగితము, ఇన్సూరెన్సు చూచును. రంగు చూచి మురియును. ఇంజను మాట వచ్చునప్పటికి, “హీటెక్కునా?” అని ఒక్క ప్రశ్న యడుగును. “ఎక్కనే యెక్కదు” అని అమ్మువాడు చెప్పును. అంతటితో పరీక్ష ముగిసి, బయానా చేతులు మారును. ఆ ప్రశ్నయందును లోపము కలదు, ఆ సమాధానమునందును లోపము కలదు. ఎట్లో వివరించెదను.

ఇంజను వేడెక్కుట దోషము కాదు. అది దాని స్వభావము. డీసెలు ఇంజనులో గాలి మిక్కిలి ఒత్తిడికి లోనై, ఆ ఒత్తిడి వేడిమిచేతనే నూనె అంటుకొని మండును. రుడాల్ఫ్ డీసెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1897లో ఆగ్స్‌బర్గు నగరమున నడిపి చూపిన యంత్రమునకు మూలసూత్ర మిదియే. మంట రగిలిన క్షణమున సిలిండరులోని వాయువుల వేడిమి రెండువేల డిగ్రీలకు సమీపించును. పిస్టను చేయు అల్యూమినియమో, 660 డిగ్రీలకే కరగిపోవు లోహము. కాల్చిన నూనెలోని శక్తిలో సగమునకు తక్కువ భాగమే చక్రములను త్రిప్పుటకు వినియోగ మగును. తక్కినది కొంత పొగగొట్టమువెంట పోవును. కొంత ఇంజను గోడలకు చేరును. ఆ గోడల చుట్టు తిరుగు నీరు ఆ వేడిమిని గ్రహించి రేడియేటరునకు కొనిపోయి గాలి కప్పగించును. ఈ నీటి వేడిమినే మనము ఇంజను వేడిమి యని వ్యవహరించుచున్నాము.

ఈ వేడిమి యెంత యుండవలెను? నేటి లారి ఇంజనులలో అధికభాగమునకు ఇది 80 నుండి 95 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ నుండును. ఒక్కొక్క ఇంజనునకు ఒక్కొక్క అంకె కలదు. దానిని తయారుచేసినవారి పుస్తకమునందు చూడవలెను. జ్వరముతో కాలుచున్న దేహమెట్లు రుగ్ణమో, చల్లబడిపోయిన దేహమును అట్లే రుగ్ణము. ఇంజనునకును అంతియే. “హీటెక్కునా?” అని యడుగుట చాలదు, “తగినంత హీటెక్కి అచ్చటనే నిలుచునా?” అని యడుగవలెను.

ఆ నిలుకడను కాపాడునది థర్మోస్టాటు అను చిన్న కవాటము. ఇంజనునకును రేడియేటరునకును నడుమ నది ద్వారపాలకునివలె నిలిచియుండును. దాని గర్భమునందు ఒక లోహపు గుళికలో మైనము నింపబడి యుండును. 1930వ దశకమున సెర్జియస్ వెర్నెట్ అను నాతడు ఈ మైనపు సాధనమును కనిపెట్టెను. నీరు చల్లగా నున్నంతసేపు మైనము గట్టిగా నుండును, ద్వారము మూయబడి యుండును. నీరు ఇంజనులోనే తిరుగుచు త్వరగా వేడెక్కును. నియమితమైన వేడిమి రాగానే మైనము కరగి, వ్యాకోచించి, ఒక కడ్డీని త్రోయును, ద్వారము తెరువబడును, నీరు రేడియేటరునకు పోవును. ఏ వేడిమికి తెరచుకొనవలెనో ఆ అంకె సాధారణముగా దానిమీదనే చెక్కబడి యుండును. నౌకరు లేడు, తాళము లేదు. మైనపు ముద్ద యొకటి ఇంజను ఆరోగ్యమును కాపాడుచున్నది.

మనదేశమున ఈ చిన్న కవాటమునకు జరుగు అన్యాయ మింతింత కాదు. బండి వేడెక్కుచున్న దనగానే కొందరు దానిని తీసి పారవేయుదురు. నీ రెల్లవేళల రేడియేటరుగుండ పోవును గనుక, ముల్లు కొన్నాళ్లు క్రిందనే యుండును. కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడిన సామెత ఇచ్చట చక్కగా సరిపోవును. చల్లని ఇంజనులో డీసెలు పూర్తిగా మండదు. మండని డీసెలు లైనరు గోడలమీది నూనెపొరను కడిగివేసి, క్రిందికి దిగి, ఇంజను ఆయిలులో కలసి దానిని పలుచన చేయును. నీటియావిరి చల్లని గోడలమీద చెమ్మయై, ఆమ్లములతో గూడి, లోహమును తినును. లైనర్లు, రింగులు కాలమునకు ముందే అరుగును. డీసెలు ఖర్చు పెరుగును. కాబట్టి, “ఈ బండి ముల్లు ఎన్నడును పైకి లేవదండి” అని అమ్మువాడు గర్వముగా చెప్పినయెడల, అది ప్రశంస యని భ్రమింపక, ఒక సందేహముగా వ్రాసికొనవలెను.

ఇక పరీక్షావిధానము. మన తార్కికులు వస్తువును తెలిసికొనుటకు నాలుగు ప్రమాణములు చెప్పిరి: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. లారి కొనుటయందును ఈ నాలుగే శరణ్యములు. చివరిదగు శబ్దముతో ప్రారంభించెదను. ఏలయన, కొనువారెల్లరు మొదట దానినే నమ్ముచున్నారు.

శబ్దప్రమాణమనగా ఆప్తుని వాక్యము. డ్రైవరు ముందరి ముల్లు ఒక వాక్యము చెప్పుచున్నది. పూర్వము, అనగా 1910వ, 1920వ దశకములందు, మోటారుబండ్లకు రేడియేటరు మూతమీదనే బాయిస్ మోటోమీటరు అను ఉష్ణమాపకమును నిలువున బిగించెడివారు. డ్రైవరు అద్దములోనుండి దానిని చూచుకొనెడివాడు. ఇప్పుడు ఇంజనులో నొక చిన్న గ్రాహకము వేడిమిని గ్రహించి తీగెద్వారా వార్త పంపగా ముల్లు కదలును. చెప్పువాడు ఆప్తుడైనప్పుడే వాక్యము ప్రమాణము. ఈ ముల్లు ఆప్తుడో కాదో ముందు తేల్చుకొనవలెను.

అందులకు మార్గము సులభము. ఇంజను చల్లగా నున్నప్పుడు తాళము త్రిప్పి చూడుడు. ముల్లు అడుగున నుండవలెను. ఇంజను నడచినకొలది అది మెల్లగా పైకి రావలెను. ముల్లు మొదటినుండియు నడుమ నిలిచియుండినను, గంట నడిచినను అడుగుననే పడియుండినను, గుంతలో బండి కుదిపినప్పుడెల్ల ఎగిరిపడుచుండినను దాని సాక్ష్యము చెల్లదు. మరియొక మాట. నేటి బండ్లలో పెక్కింటియందు ముల్లు కొంత మేర వేడిమి మారినను నడిమి గీతమీదనే నిలుచునట్లు తయారుచేసినవారే ఏర్పాటు చేసియున్నారు; డ్రైవరు ఊరక భయపడకుండుటకై యట. కావున నడిమి గీత మంచి గుర్తే గాని, డిగ్రీలను చెప్పు గుర్తు కాదు. మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 నియమములు అమలులోనికి వచ్చినవి. ఆ తరువాతి లారీలలో నీటి వేడిమిని ఇంజను కంప్యూటరు నిరంతరము లెక్కించుచుండును. మేస్త్రీ తన స్కానరును తగిలించినచో డిగ్రీలు అంకెలలోనే కనబడును. పూర్వము నమోదైన దోషములును కనబడవచ్చును. అట్టి బండి కొనువారు స్కానరు గల మేస్త్రీని వెంటబెట్టుకొని పోవుట మేలు. ఈ లారీలు పొగలోని మసిని ఒక జల్లెడలో నిలిపి వేడిమిచేతనే కాల్చివేయును. ఇంజను ఎల్లప్పుడు చల్లగా నడచినచో ఆ జల్లెడ త్వరగా పూడిపోవును. థర్మోస్టాటు తీసివేసిన పాపము ఇచ్చట రెట్టింపుగా అనుభవింపవలసి వచ్చును.

రెండవది ప్రత్యక్షము; మన కన్ను, చేయి, ముక్కు. దీనికి మొదటి నియమము: బండిని తెల్లవారుజామున, ఇంజను చల్లగా నున్నప్పుడు చూడవలెను. “మీరు వచ్చుసరికి స్టార్టుచేసి సిద్ధముగా నుంచితిని” అని యజమాని చెప్పినయెడల, ఆ మర్యాదకు కృతజ్ఞత చెప్పి, మరునాడు వచ్చెదమనవలెను. వేడెక్కిన ఇంజను తన రహస్యములలో సగము దాచుకొనును. పోగానే ఇంజనుమీద చేయి యుంచి అది నిజముగా చల్లగా నున్నదా యని చూచికొనుడు.

చల్లని ఇంజనుయొక్క రేడియేటరు మూతను తీసి లోన చూడుడు. ఇచ్చట నొక హెచ్చరిక. వేడి ఇంజనుయొక్క మూతను ఎవరు చెప్పినను, ఎంత తొందర యున్నను తీయరాదు. సాధారణముగా నీరు 100 డిగ్రీలకు మరగును; కాని ఆ మూత లోపలి ఒత్తిడిని నిలిపియుంచుటచే, వాయుమండలపు ఒత్తిడికి అంతే మరల అదనముగా చేరినచో, నీరు సుమారు 120 డిగ్రీల వరకు మరగక యుండును. మూత తీయగానే ఒత్తిడి తొలగి, నూరు దాటియున్న ఆ నీరు క్షణములో ఆవిరియై ముఖమున చిమ్మును. ఎందరో క్లీనరు కుర్రవాండ్రు ఇట్లు ముఖమును చేతులను కాల్చుకొనిరి. లారి పోయినను మరల సంపాదింపవచ్చును. కన్నులు పోయిన రావు.

లోని నీరు ఎట్లున్నది? రంగుగల శుభ్రమైన కూలెంటు ఉన్నచో యజమాని శ్రద్ధగలవాడని యూహింపవచ్చును. ఎర్రని త్రుప్పునీ రున్నచో బోరునీరు పోసి కాలము గడిపిన బండి యని తెలియును. మన జిల్లాలలో పెక్కుచోట్ల భూగర్భజలము సున్నపు పాలు ఎక్కువ గలది. కాచిన బిందె అడుగున తెల్లని పెచ్చు కట్టునట్లు, ఇంజను లోపలను రేడియేటరు గొట్టములలోను పెచ్చు కట్టి వేడిమిని దాటనీయదు. కూలెంటు చలిదేశములకే గాని మనకెందుకని కొందరందురు, అది సరికాదు. అది త్రుప్పును అడ్డును, మరుగుస్థానమును కొంత పెంచును. అంతేగాక, పెద్ద డీసెలు ఇంజనులలో లైనరు అదరుచుండుటచే దాని వెలుపలి గోడను చేరియున్న నీటిలో సన్నని బుడగలు పుట్టి, చిట్లి, ఉక్కుముక్కును గూడ సూదితో పొడిచినట్లు గుంటలు చేయును. ఆ కీడునుండి లైనరును కాపాడునది కూలెంటులోని మందులే.

నీటిమీద నూనె తెట్టె కనబడినను, ఆయిలు కొలుచు కడ్డీకి పాలు కలిసినట్టి తెల్లని జిగురు అంటివచ్చినను, నీరును నూనెయు లోపల నెచ్చటనో కలియుచున్నవని యర్థము. హెడ్డు గాస్కెట్టు పోయి యుండవచ్చును. ఆయిలును చల్లబరచు కూలరు పగిలియుండవచ్చును. హెడ్డే బీటవారి యుండవచ్చును. రేడియేటరు అడుగున పసుపుపచ్చని మడ్డి కనబడినయెడల ముక్కుతో వాసన చూడుడు. కారుచున్న రేడియేటరులో పసుపుపొడి పోసి దారిమధ్యమున తాత్కాలికముగా కారుట నాపుట మన లారివాండ్ర పాత ఉపాయము. అది నడిరోడ్డున ఆపద్ధర్మమే గాని, అమ్మకమునకు పెట్టిన బండికి అలంకారము కాదు. క్రొత్తగా కడిగి తళతళలాడు ఇంజనునుగూడ సందేహముతోనే చూడవలెను. కారిన మరకలు ఆ కడుగుటలో పోయియుండవచ్చును.

మూత తీసియుండగనే, చల్లని ఇంజనును స్టార్టు చేయించి నీటిని చూచుచుండుడు. మొదట నాలుగు బుడగలు వచ్చి ఆగినచో భయము లేదు. చిక్కుకొన్న గాలి యది. ఎడతెగక బుడగలు లేచుచున్నచో, సిలిండరులోని వాయువు నీటిలోనికి చొరబడుచున్నదని తెలిసికొనవలెను. వెంటనే, నీరు వేడెక్కకముందే, మూత బిగింపుడు.

మూడవది అనుమానము. పొగను చూచి కొండమీద నిప్పున్నదని యూహించుట తార్కికుల ప్రసిద్ధోదాహరణము. మనమును ఇచ్చట పొగను చూడవలసియే యున్నది. చల్లని వేళ తొలుత తెల్లని పొగ వచ్చి, ఇంజను కాగగానే తగ్గుట సహజము. బాగుగా వేడెక్కిన తరువాతను తెల్లని ఆవిరి వచ్చుచు, రేడియేటరులో నీరు తరుగుచున్నచో, ఆ నీరు సిలిండరులో పడి ఆవిరి యగుచున్నదని అనుమింపవలెను. కన్నులు మండించు తెల్లపొగయైనచో అది మండని డీసెలు. దాని కారణము వేరు.

అనుమానమున మరియొక చక్కని హేతువు కలదు. ఇంజను పైభాగమునుండి రేడియేటరునకు పోవు లావుపాటి రబ్బరు గొట్టమును గమనింపుడు. థర్మోస్టాటు సరిగా నున్నచో ఇంజను వేడెక్కుచున్నను ఆ గొట్టము చాలసేపు చల్లగానే యుండి, ముల్లు నియమితస్థానమునకు చేరువైనప్పుడు తటాలున కాగిపోవును. ద్వారము తెరచుకొన్న దనుటకు అదియే చిహ్నము. స్టార్టు చేసినది మొదలు గొట్టముకూడ ఇంజనుతోబాటు కొంచెము కొంచెముగా కాగుచున్నచో, ద్వారపాలకుడు లేడనియో, తెరచిన తలుపువద్ద నిదురించుచున్నాడనియో తెలియవలెను. ముల్లు ఎఱ్ఱగీతకు పోవుచున్నను గొట్టము చల్లగానే యున్నచో తలుపు మూసికొనిపోయిన దనవచ్చును. తోడనే ఇంజను ఆపవలెను. కొన్ని ఇంజనులలో థర్మోస్టాటు నీరు తిరిగివచ్చు దారియం దుండును. అట్టివానికి ఈ హేతువు సరిగా వర్తింపదు. గొట్టమును చేతితో పట్టుకొనరాదు. 80 డిగ్రీలకు చేయి బొబ్బలెక్కును. దగ్గరకు చేయి పోనిచ్చి సెగను చూచిన చాలును. తిరుగుచున్న ఫ్యానుకు, బెల్టుకు పైపంచెయు, చేతులును దూరముగా నుంచుడు.

ఇప్పుడు తుపాకివలె గురిపెట్టి వేడిమిని చూపు పరికరములు అంగడిలో దొరకుచున్నవి. అవి నీటి వేడిమిని చూపవు. పైలోహము వేడిమిని చూపును. అది లోని నీటికంటె కొన్ని డిగ్రీలు తక్కువగా నుండుట సహజము. తళతళలాడు లోహముపై గురిపెట్టినచో అంకె మిక్కిలి తప్పును. ఒక నల్లని టేపుముక్క అంటించి దానిపై గురిపెట్టవలెను. రేడియేటరు మొగముమీద అక్కడక్కడ గురిపెట్టి చూచినచో, తక్కిన భాగము కాగియుండగా ఒకచోట చల్లగా నున్నచో, ఆ గొట్టములు పూడిపోయినవని తెలియును.

ఇంతవరకు జరిగినదంతయు నిలిచియున్న బండికి చేసిన పరీక్ష. ఇది సగము పరీక్షయే. పెద్ద డీసెలు ఇంజను ఊరక నిలిచి తిరుగుచుండగా చాల మెల్లగా కాగును. ఒక్కొక్కప్పుడు పూర్తిగా కాగనే కాగదు. అర్ధగంట నిలిపి తిరుగనిచ్చి “చూచితిరా, హీటు లేదు” అనుట, మంచముమీద పరుండినవానికి ఆయాసము లేదనుట వంటిది. బరువు వేసి బండిని నడిపింపవలెను, ఎగువ ఎక్కింపవలెను. మా మేస్త్రీ చెప్పు మాట: సమభూమిమీద 15, 20 నిమిషములు నడచుసరికి ముల్లు తన స్థానమునకు చేరవలెను, ఎగువదారిని బరువుతో ఎక్కునపుడు కొంచెము పైకి పోవచ్చును, అప్పుడు ఫ్యాను పట్టుకొని హోరుమని శబ్దము చేయును, మెట్ట దాటి చదునునకు రాగానే ముల్లు మరల తన చోటికి దిగవలెను. ఎక్కుట దోషము కాదు, దిగకుండుట దోషము. వైశాఖమాసమున రెంటచింతల యెండలో లోడుతో నడువవలసిన బండిని పుష్యమాసపు ఉదయమున ఖాళీగా నడిపి చూచి సంతృప్తిపడరాదు. వేడిమిని గాలికి అప్పగించుటయే రేడియేటరు పని. గాలి ఎంత వేడిగా నున్నచో ఆ పని అంత కష్టము.

నడిచివచ్చిన తరువాత రెండు మూడు నిమిషములు మెల్లగా తిరుగనిచ్చి ఆపవలెను. ఆపినపిదప ముల్లు కొంచెము పైకి పోయినచో కంగారుపడకుడు. పంపు ఆగిపోయి నీరు నిలిచినందున లోహములోని వేడిమి నీటికి దిగుచుండును. అప్పుడు బండి క్రిందికి వంగి బొట్లు పడుచున్నవేమో చూడుడు. గొట్టముల అతుకులు, వాటరు పంపు అడుగు, బెల్టు బిగువు చూడుడు. మరునాటి ఉదయము, బండి పూర్తిగా చల్లారిన మీదట, నీటిమట్టము మరల చూడుడు. ముందటి దినము ఎచ్చట నున్నదో అచ్చటనే యున్నచో మంచిది. వెలుపల కారక, లోపల తరిగినచో ఆ నీ రెచ్చటికి పోయినదో యజమాని చెప్పవలెను. ఈ రెండవనాటి ఉదయపు చూపు ఖర్చులేనిది. దానినే అందరును విడిచిపెట్టుచున్నారు.

నాలుగవది ఉపమానము. గవయ మను మృగమును చూడనివానికి “ఆవువంటిది” అని చెప్పగా వాడు అడవిలో దానిని గుర్తించును. అట్లే, మీరు కొనదలచిన జాతి లారి, చక్కని స్థితిలో నున్నది, మీ యూరిలోనో పొరుగూరిలోనో ఉండకపోదు. దాని డ్రైవరు ప్రక్కన ఒక పూట కూర్చుండి ముల్లు ఎచ్చట నిలుచునో, ఘాటురోడ్డులో ఎంత ఎక్కునో, ఎంతసేపటికి దిగునో చూచికొనుడు. ఆ చిత్తరువు మనసున నుంచుకొని పోయినవానిని ఎవడును తేలికగా మోసగింపజాలడు.

ఈ ప్రమాణములను విడిచిన ఫలమును చూచితిని గనుకనే ఇంత వివరముగా చెప్పుచున్నాను. నా పాతశిష్యు డొకడు, పదునెనిమిదేండ్లు పరుల లారి నడిపినవాడు, తండ్రి యిచ్చిన పొలము అమ్మి ఒక పాత బండి కొనెను. అమ్మిన వ్యక్తి ముల్లు లేవకుండుటనే బండికి కిరీటముగా చెప్పెనట. మూడు నెలలు బండి బాగుగానే తిరిగినట్లు కనబడెను. ఆయిలు మాత్రము త్వరగా పలుచనగుచుండెను. ఒక మధ్యాహ్నము సిమెంటు లోడుతో అనంతగిరి ఘాటు ఎక్కుచుండగా, ఎన్నడు లేవని ముల్లు లేచి ఎఱ్ఱగీత దాటెను. వాడు అంతకుముందెన్నడు ముల్లు కదలుట చూడలేదు గనుక, మీటరు చెడినదనుకొని మరి రెండు మలుపులు ఎక్కించెను. ఇంజను పట్టివేసినది. విప్పి చూడగా థర్మోస్టాటు లేదు, రేడియేటరు సగము పూడియున్నది, హెడ్డు వంగిపోయినది, లైనర్లు చల్లదనముచేత ముందే అరిగి, వేడిమిచేత ఇప్పుడు గీరుకొనిపోయినవి. బాగుచేయించుటకు సొమ్ము లేక బండిని ఇనుపసామాను ధరకు విడిచెను. ఇప్పుడు వాడు మరల పరుల బండియే నడుపుచున్నాడు. ఒక తెల్లవారుజామున వెచ్చించు రెండు గంటలు, మరునాటి ఉదయమున మరి పది నిమిషములు, ఆ పొలమును కాపాడి యుండెడివి.

దోషము కనబడినంతమాత్రమున బండి వదలుకొనవలెననియు నేను చెప్పను. బెల్టు, గొట్టము, మూత, థర్మోస్టాటు స్వల్పవ్యయముతో మారునవి. అయితే థర్మోస్టాటు లేనిచోట, “ఏల తీసిరి?” అను ప్రశ్నకు సమాధానము దొరకువరకు బేరము సాగింపరాదు. “ధరలో కొంత తగ్గించెదను, మీరే వేయించుకొనుడు” అను మాటకు లొంగక, “మీరే వేయింపుడు, ఖర్చు లెక్కలో చూచుకొందము, వేసినమీదట లోడుతో నడిపి చూచెదము” అనవలెను. క్రొత్త థర్మోస్టాటుతో, బరువుతో, ఎగువదారిలో ముల్లు తన హద్దు మీరనిచో ఆ బండి నిలుచును. హద్దు మీరినచో దాచిన రోగము బయటపడును. మీ సొమ్ము మీ జేబులోనే యుండగా బయటపడును. నీటిలో ఎడతెగని బుడగలు, కడ్డీకి పాలవంటి ఆయిలు, కాగినపిదప తెల్లని ఆవిరి, ఈ మూడింటిలో ఏ ఒక్కటి యున్నను, తెలిసిన మేస్త్రీ హెడ్డు విప్పి చూచువరకు బయానా ఇవ్వకుడు.

నిజాయితీగల అమ్మకందారులు లేకపోలేదు. అట్టివారు ఈ పరీక్షలకు కోపపడరు. తామే తెల్లవారుజామున చల్లని బండి చూపి, మూత తీసి నిలుతురు. పరీక్షకు అడ్డుచెప్పుటయే ఒక హేతువు. దానినిబట్టియు అనుమానము చేయవచ్చును.

నాకొసగిన సమయము కావచ్చినది. చల్లగా నున్నప్పుడు చూచుట, మూత వేడిగా నున్నప్పుడు ముట్టకుండుట, ముల్లును పరీక్షించి నమ్ముట, బరువుతో ఎగువ ఎక్కించుట, మరునాడు నీటిమట్టము చూచుట, ఈ అయిదింటిని బండి బేరమాడబోవు మీ యింటి కుర్రవానికి చెప్పి పంపుడు. సెలవు.